యూరప్‌లోని యుద్ధ సమాధులు, స్మారకాలు: మనవాళ్ళ పేర్లు ఎక్కడ వెతకాలి?

గోదావరిగట్టు

అందరికీ నమస్కారం. వచ్చే వేసవిలో మా నాన్నగారిని వెంటబెట్టుకుని ఫ్రాన్స్, బెల్జియం, వీలు చూసుకుని ఇటలీ కూడా వెళ్ళి రావాలనుకుంటున్నాము. ఇది విహారయాత్ర కాదు. నాన్నగారి మేనమామ రెండవ ప్రపంచ యుద్ధం నడుస్తుండగా బెంగుళూరు వెళ్ళి సైన్యపు ఇంజనీరు దళమైన మద్రాస్ శాపర్స్‌లో చేరారు. ఆయన ఇటలీలో చనిపోయారని 1944లో ఊరికి తంతి వచ్చింది. అందులో పోయిన తేదీ గాని, చోటు గాని లేవట. తిథి తెలియక మా నాన్నమ్మ బతికున్నంత కాలం మహాలయ అమావాస్య నాడే ఆయన పేరిట స్వయంపాకం ఇప్పించేవారు. ఆయన సమాధి ఎక్కడైనా ఉందా, ఉంటే ఎలా తెలుసుకోవాలి అన్నది నా మొదటి ప్రశ్న. యూరప్‌లో భారతీయ సైనికుల స్మారకాలలో తప్పక చూడవలసినవి ఏవి అన్నది రెండవది. తెలిసినవారు వివరంగా రాయగలరని ఆశిస్తున్నాను.

చరిత్రప్రియ

గోదావరిగట్టు గారూ, మీరు వెతకవలసింది సమాధి కాకపోవచ్చు, పేరు కావచ్చు. హిందూ, సిక్కు సైనికులు చనిపోయినప్పుడు పరిస్థితి అనుకూలించిన చోట దహన సంస్కారం జరిపేవారు. అటువంటివారికి సమాధి ఉండదు కనుక, దహన స్మారకాలు కట్టి వాటి మీద పేర్లు చెక్కించారు. ఇటలీలో అటువంటివి ముఖ్యంగా మూడు ఉన్నాయి: ఏడ్రియాటిక్ తీరానికి దగ్గరగా సాంగ్రో నది యుద్ధ శ్మశానంలో ఒకటి, ఫోర్లీలో ఒకటి, రిమిని వద్ద గూర్ఖాలది మరొకటి. సాంగ్రో స్మారకం మీదనే 500 మందికి పైగా పేర్లున్నాయి. శవం దొరకనివారి పేర్లు కాసినో స్మారకం మీద ఉంటాయి. అక్కడ బ్రిటిష్, కెనడా, భారత సైనికులవి కలిపి 4,000కు పైగా పేర్లు చెక్కి ఉన్నాయి.

భారత సైన్యానికి చెందిన 4వ, 8వ, 10వ డివిజన్లు ఇటలీలో పోరాడాయి. దాదాపు 50,000 మంది వెళ్ళగా 5,700 మందికి పైగా తిరిగి రాలేదు. మన పాఠ్యపుస్తకాలలో ఈ రంగం గురించి ఒక వాక్యమైనా చదివిన గుర్తు నాకు లేదు.

ఈ శ్మశానాలను ఎవరు కట్టారో, ఏ నియమాల మీద కట్టారో తెలుసుకుని వెళితే చూసేది బాగా అర్థమవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో, 1917 మే 21న ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ ఏర్పడింది. దానికి మూలపురుషుడు ఫేబియన్ వేర్. యుద్ధానికి ముందు పత్రికా సంపాదకుడిగా పనిచేసిన ఆయన, రెడ్‌క్రాస్ దళంతో ఫ్రాన్స్ వెళ్ళి, సైనికులను ఎక్కడికక్కడ గొయ్యి తీసి పాతిపెడుతున్నారే గాని ఆ చోట్లను రాసి ఉంచేవారు లేరని గమనించి, ఆ లెక్క రాయించడం మొదలుపెట్టారు. ఆ తరువాత వచ్చిన నియమాలు ఆ కాలానికి చాలా కొత్తవి. జనరల్‌కైనా సిపాయికైనా ఒకే ఆకారం, ఒకే పరిమాణం గల రాయి పెట్టాలి. డబ్బున్న కుటుంబమైనా శవాన్ని సొంత ఊరికి తీసుకుపోవడానికి వీలులేదు. ప్రతి మృతుడి పేరూ సమాధి మీద గాని, స్మారకం మీద గాని శాశ్వతంగా ఉండాలి. బ్రిటన్‌లో ఎందరో తల్లిదండ్రులు శవాలు అప్పగించమని గట్టిగా పోరాడినా కమిషన్ ఒప్పుకోలేదు. అదే సంస్థ ఇప్పుడు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ పేరుతో రెండు యుద్ధాలకు చెందిన సుమారు 17 లక్షల మంది స్మృతిని కాపాడుతోంది.

విశ్రాంత శాపర్

బాబూ, నేను ఆ దళంలోనే పనిచేసి రిటైరైనవాడిని. మమ్మల్ని ఇతర రెజిమెంట్లవారు తంబీలు అని పిలిచేవారు. తెలుగు జిల్లాల నుంచి కూడా ఈ దళంలోకి తరతరాలుగా మనుషులు వెళ్ళారు.

వెతకడం గురించి చెబుతాను. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో మృతుల జాబితా ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. కానీ నేరుగా పేరు కొట్టి దొరకలేదని వదిలేయకండి. ఆ రోజుల్లో గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాసుకున్నారు. వెంకటస్వామి అన్న పేరు అరడజను రకాలుగా కనిపిస్తుంది. ఇంటిపేరు చాలాసార్లు ఉండదు. ఉంటే ఒక పొడి అక్షరంగా ఉంటుంది. కాబట్టి పేరు వదిలేసి, దేశం ఇటలీ, సైన్యం భారత సైన్యం, సంవత్సరం 1943 నుంచి 1945, రెజిమెంట్ క్వీన్ విక్టోరియాస్ ఓన్ మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్ అని ఇచ్చి, వచ్చిన జాబితా మొత్తం ఓపికగా చదవండి. చాలా నమోదులలో తండ్రి పేరు, భార్య పేరు, ఊరు ఉంటాయి. తండ్రి పేరుతో పోల్చుకోవడమే నమ్మకమైన దారి. మీ ఇంట్లో ఎవరికైనా ఆయన సర్వీసు నంబరు గుర్తుంటే పని ఇంకా తేలిక.

శాపర్ల పని ఏమిటో మీ నాన్నగారికి చెప్పండి. వంతెనలు కట్టడం, మందుపాతరలు తీయడం, దారి వేయడం. పదాతి దళం కదలాలంటే ముందు వీరు వెళ్ళాలి. 1944 ఫిబ్రవరి 24న ఇటలీలోని మిన్యానో దగ్గర మా దళానికి చెందిన సుబేదార్ సుబ్రమణియన్ పేలబోతున్న మందుపాతర మీద తానే పడి తోటివారిని కాపాడి ప్రాణం వదిలారు. ఆయనకు మరణానంతరం జార్జ్ క్రాస్ అనే బ్రిటిష్ సాహస పతకం ఇచ్చారు. మీ తాతగారు పోయినది ఆ ప్రాంతంలోనే అయి ఉండవచ్చు, కాకపోవచ్చు. పేరు దొరికితే తేదీ దొరుకుతుంది, తేదీ దొరికితే చోటు తెలుస్తుంది.

లీల్‌వాసి

మీ రెండవ ప్రశ్నకు నేను సమాధానం చెప్పగలను. ఫ్రాన్స్‌లో ఒక్కచోటికే వెళ్ళే వీలుంటే నవ్ షాపెల్ ఊరి దగ్గరి భారత సైనికుల స్మారకానికి వెళ్ళండి. లీల్ నగరం నుంచి కారులో అరగంటకు కాస్త ఎక్కువ పడుతుంది. చుట్టూ బంగాళాదుంప, బీట్‌రూట్ పొలాలు, నేల అంతా చదును. నాలుగు దారుల కూడలి పక్కన తెల్లటి గుండ్రని ప్రాకారం కనిపిస్తుంది. ముందువైపు సాంచీ స్తూపం చుట్టూ ఉండే రాతి కంచెను తలపించే జాలీ పని, మధ్యలో సుమారు 15 మీటర్ల స్తంభం, దాని మీద పద్మం, ఆ పైన బ్రిటిష్ కిరీటం, ఇరువైపులా కూర్చున్న రెండు పులులు. దీని రూపశిల్పి హెర్బర్ట్ బేకర్. ఢిల్లీ సచివాలయ భవనాలు కట్టినది కూడా ఆయనే. 1927 అక్టోబరు 7న ఆవిష్కరించారు.

లోపలికి వెళ్ళి వెనకకు తిరిగి చూస్తే అర్ధచంద్రాకారపు గోడ నిండా పేర్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో పశ్చిమ రంగంలో, అంటే ఫ్రాన్స్, బెల్జియంలలో చనిపోయి, సమాధి తెలియని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు రెజిమెంట్ల వారీగా, హోదాల వారీగా చెక్కారు. సింగ్, ఖాన్, థాపా, రామ్ వరుసగా వస్తుంటారు. గర్వాల్ రైఫిల్స్ భాగంలో గబర్ సింగ్ నేగీ పేరు వెతకండి. 1915 మార్చి 10న ఇదే ఊరి కందకాలలో పోరాడి మరణించి విక్టోరియా క్రాస్ పొందిన యువకుడు ఆయన. ఆ రోజు దాడిలో పాల్గొన్న సైన్యంలో దాదాపు సగం భారతీయులే. మార్సెయ్ రేవులో 1914 సెప్టెంబరు చివర దిగి, చలి బట్టలు కూడా సరిగా లేకుండా అక్టోబరు కల్లా కందకాలలోకి దిగినవారు, మొదటి చలికాలం దాటగానే ఈ యుద్ధానికి వచ్చారు.

స్తంభం మీద భగవంతుడు ఒక్కడే, విజయం ఆయనదే అన్న అర్థం వచ్చే వాక్యం ఇంగ్లీషుతో పాటు దేవనాగరి, గురుముఖి, అరబ్బీ లిపులలో చెక్కి ఉంది. దక్షిణాది లిపి ఏదీ లేదు, ఎందుకంటే ఆ నాడు పశ్చిమ రంగానికి పంపిన పటాలాలు అధికంగా పంజాబు, గర్వాలు, నేపాలు, వాయవ్య సరిహద్దు ప్రాంతాల నుంచి తీసినవి.

బొల్లారం

లీల్‌వాసి గారు చెప్పినదానికి ఒక చేర్పు. దక్కన్‌కు ఆ గోడతో సంబంధం ఉంది. ఫ్రాన్స్‌లో పోరాడిన అశ్వికదళాలలో ఒకదాని పేరే సికింద్రాబాద్ కావల్రీ బ్రిగేడ్. అందులోని 20వ దక్కన్ హార్స్ మూలాలు నిజాం రాజ్యంలో బ్రిటిష్‌వారు నడిపిన పాత హైదరాబాద్ కంటింజెంట్ దళంలో ఉన్నాయి. ఆ కంటింజెంట్ స్థావరం మా బొల్లారమే. అందులో సిక్కులు, జాట్లతో పాటు దక్కనీ ముస్లిములు కూడా ఉండేవారు. సోమ్ యుద్ధంలో, 1916 జూలై 14 సాయంత్రం, హై వుడ్ అనే అడవి పక్కన పంట చేల మీదుగా వీరు బల్లేలు పట్టుకుని గుర్రాల మీద ముందుకు సాగారు. ఎదురుగా మెషిన్‌గన్లు ఉన్న కాలంలో అది ఎటువంటి సాహసమో ఊహించుకోవచ్చు. కొంత నేల గెలిచారు, కానీ అడవి మాత్రం సెప్టెంబరు మధ్య వరకు చేతికి రాలేదు.

ఇంకొకటి. కాంబ్రే యుద్ధరంగానికి చెందిన విలేర్ గిస్లాన్ అనే ఊరిలో భారతదేశం నిర్మించిన సైనిక స్మారకాన్ని 2018 నవంబరు 10న, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు ఆవిష్కరించారు. యుద్ధం ముగిసి నూరేళ్ళు నిండడానికి ముందు రోజు అది. నవ్ షాపెల్ స్మారకం మీద కిరీటం ఉంది. ఇక్కడ మన గణతంత్రపు గుర్తు ఉంది. రెండూ చూసినవారికి మధ్యలో గడిచిన చరిత్ర కళ్ళకు కడుతుంది.

నిలువెత్తుప్రశ్న

అందరి పరిజ్ఞానాన్నీ గౌరవిస్తూనే ఒక మాట అడుగుతాను. ఎవరి యుద్ధం ఇది? మన నేలను ఆక్రమించిన సామ్రాజ్యం తన ప్రయోజనం కోసం మన రైతుబిడ్డలను ఓడలెక్కించి తీసుకుపోయింది. 1918లో యుద్ధం ముగిసింది. 1919 ఏప్రిల్‌లో ఆ పంజాబులోనే జలియన్‌వాలాబాగ్ జరిగింది. ఫ్రాన్స్ నుంచి ప్రాణాలతో తిరిగి వచ్చిన సిపాయి తన ఇంటి ముందు ఆ రాజ్యాన్నే చూశాడు. పులులు, పద్మాలు చెక్కినంత మాత్రాన అది గౌరవమవుతుందా? అల్లూరి సీతారామరాజు పుట్టిన గడ్డ మీద నిలబడి ఈ స్మారకాలకు పూలమాల వేయడం నాకు సులువైన పనిగా కనిపించదు. ఇది మృతులను అవమానించడానికి రాస్తున్నది కాదు. వారి మరణాన్ని ఎవరు వాడుకున్నారు, ఇప్పుడు ఎవరు వాడుకుంటున్నారు అన్నదే నా ప్రశ్న.

చరిత్రప్రియ

మీ ప్రశ్న న్యాయమైనదే. నా ఆలోచన కూడా చెబుతాను.

స్మారకం కట్టించినవాడి ఉద్దేశం వేరు, దాని మీద పేరు ఉన్న మనిషి వేరు. జీతం కోసం, భూమి కోసం, కుటుంబ సంప్రదాయం కోసం, కొన్నిచోట్ల ఒత్తిడికి లొంగి చేరినవారు వారు. సామ్రాజ్యం వారిని వాడుకున్నదన్నది నిజం. కానీ వారి పేరు లేకుండా చేయడం ఆ వాడకంలోకెల్లా ఘోరమైన భాగమని నేను అంటాను. దీనికి ఆధారం ఆ కమిషన్ చరిత్రలోనే ఉంది. ప్రతి మృతుడికీ పేరు అన్న నియమం యూరప్‌లో భారతీయులకు కూడా చాలావరకు పాటించారు, నవ్ షాపెల్ దానికి సాక్ష్యం. యూరప్ దాటగానే పాటించలేదు. మెసొపొటేమియాలో, అంటే నేటి ఇరాక్‌లో చనిపోయినవారి కోసం కట్టిన బస్రా స్మారకం మీద భారతీయ అధికారుల పేర్లు చెక్కి, వేలాది మంది సిపాయిలను రెజిమెంటుకు ఇంతమంది అని అంకెలుగా రాసి వదిలేశారు. తూర్పు ఆఫ్రికాలో స్థానిక కూలీలు, సైనికులలో ఎందరికో అంకె కూడా దక్కలేదు. కమిషన్ తానే నియమించిన కమిటీ 2021 ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదికలో, కనీసం 1,16,000 మందిని పేరుతో గాని, అసలు ఏ విధంగా గాని స్మరించలేదని, ఇంకో 45,000 నుంచి 54,000 మందిని తక్కువగా చూశారని ఒప్పుకుని, సంస్థ క్షమాపణ చెప్పింది.

మద్రాసు ప్రెసిడెన్సీ పటాలాలు మొదటి యుద్ధంలో ఎక్కువగా వెళ్ళినది ఆ మెసొపొటేమియాకూ, తూర్పు ఆఫ్రికాకూ అన్న సంగతి మనం మరిచిపోకూడదు. అంటే అంకెగా మిగిలినవారిలో మన భాష మాట్లాడినవారు కూడా ఉండే అవకాశం ఎక్కువ. వారికి పేర్లు కావాలని అడగడం సామ్రాజ్యానికి దండ వేయడం కాదు, సామ్రాజ్యం ఎగ్గొట్టిన బాకీని వసూలు చేయడం.

బ్రైటన్ నుంచి

పేర్ల మాట వచ్చింది కనుక ఇంగ్లండులోని ఛత్రీ గురించి చెప్పాలి. ఫ్రాన్స్‌లో గాయపడిన భారతీయులను బ్రైటన్ తీసుకువచ్చి, ఒకప్పుడు రాజు విడిదిగా ఉన్న రాయల్ పెవిలియన్‌ను ఆసుపత్రిగా మార్చి వైద్యం చేశారు. కోలుకోలేక చనిపోయిన హిందువులు, సిక్కులు 53 మందిని ఊరి వెలుపల కొండల మీద దహనం చేశారు. ఆ చోట పాలరాతి ఛత్రీ కట్టి 1921 ఫిబ్రవరి 1న వేల్స్ యువరాజు ఆవిష్కరించారు. చాలా అందమైన కట్టడం. అయితే దాని మీద ఒక్క పేరు కూడా లేదు! ఆ 53 మంది పేర్లు చెక్కిన రాతి ఫలకాన్ని పక్కనే ఏర్పాటు చేసింది 2010లో, అంటే దాదాపు తొంభై ఏళ్ళ తరువాత. కారు వెళ్ళే దారి లేదు. గొర్రెలు మేసే పచ్చిక మీదుగా నడిచి వెళ్ళాలి. పెద్దవారితో వెళితే వాన లేని రోజు చూసుకోండి, బురదలో కాళ్ళు జారతాయి. ఏటా జూన్‌లో అక్కడ స్మారక సభ జరుగుతుంది.

బ్రస్సెల్స్‌లో నిర్మల

బెల్జియం సంగతి నేను రాస్తాను. ఈపర్ పట్టణంలోని మెనిన్ గేట్ దగ్గర ప్రతి సాయంత్రం సరిగ్గా ఎనిమిది గంటలకు వాహనాలు ఆపి బ్యూగిల్ మీద లాస్ట్ పోస్ట్ అనే, మృతులకు వీడ్కోలు చెప్పే సైనిక బాణీ వాయిస్తారు. వాయించేవారు సైనికులు కారు, ఆ ఊరి అగ్నిమాపక దళానికి చెందిన స్వచ్ఛంద సభ్యులు. 1928 నుంచి ఇది సాగుతోంది. జర్మన్ ఆక్రమణలో ఆగిపోయి, పోలిష్ సైన్యం ఊరిని విడిపించిన రోజునే, 1944 సెప్టెంబరు 6న, మళ్ళీ మొదలైంది. ఆ తోరణం గోడల మీద ఆచూకీ దొరకని 54,000 మందికి పైగా పేర్లున్నాయి. వారిలో 400 మందికి పైగా భారతీయులు. వేసవిలో జనం కిక్కిరిసి ఉంటారు కాబట్టి ఏడు గంటలకే వెళ్ళి నిలబడండి.

ఈపర్ చుట్టుపక్కల కామన్వెల్త్ శ్మశానాలలో కాస్త వంగి రాళ్ళను దగ్గరగా చూడండి. తెల్లటి పోర్ట్‌లాండ్ రాయి, ఎత్తు 81 సెంటీమీటర్లు. వాన నీరు నిలవకుండా పైభాగం కొంచెం వంపుగా ఉంటుంది. వాన చినుకులు పడి మట్టి ఎగిరి అక్షరాలకు అంటుకోకుండా రాయి మొదట్లో పొట్టి పూల మొక్కలు పెంచుతారు. పేరు తెలియని సైనికుడి రాయి మీద దేవుడికి తెలిసినవాడు అన్న అర్థంలో రాసిన మాటలు రచయిత కిప్లింగ్ ఎంచినవి. ఆయన సొంత కొడుకు 1915లో లూస్ యుద్ధంలో చనిపోయాడు, ఆ తండ్రి జీవించి ఉండగా శవం ఆచూకీ తేలనే లేదు.

ఒక పూట మిగిలితే ఈపర్‌కు ఉత్తరాన ఉన్న వ్లాడ్‌స్లో అనే జర్మన్ శ్మశానానికి కూడా వెళ్ళండి. ఓడినవారి సమాధులు ఎలా ఉంటాయో చూడడం అవసరమని నేను గట్టిగా నమ్ముతాను. తెల్లరాయి లేదు, పూలు లేవు. ఓక్ చెట్ల నీడలో నేలకు అంటిన బూడిదరంగు పలకలు, ఒక్కో పలక మీద పలువురి పేర్లు, మొత్తం 25,000 మందికి పైగా. చివరన మోకాళ్ళ మీద కూర్చున్న తల్లి, తండ్రి శిల్పాలు. వాటిని రూపొందించిన జర్మన్ శిల్పి కేథే కోల్‌విట్స్ కొడుకు పీటర్ 1914 అక్టోబరులో పద్దెనిమిదేళ్ళకే చనిపోయాడు. వయసు చాలని కొడుకు సైన్యంలో చేరతానంటే వద్దన్న భర్తను ఒప్పించినది ఆ తల్లే. శిల్పాలు పూర్తయ్యేసరికి 1932 వచ్చింది. తండ్రి నిటారుగా కూర్చుని చేతులతో తన ఒంటిని తానే బిగించి పట్టుకున్నాడు. తల్లి తల వాల్చి ముందుకు వంగిపోయింది. ఎదురుగా ఉన్న పలక మీద పీటర్ పేరు ఉంది.

నిలువెత్తుప్రశ్న

చరిత్రప్రియ గారి సమాధానం, నిర్మల గారి వివరణ చదివాను. బస్రా సంగతి నన్ను ఆలోచింపజేసింది. కిరీటం ఉన్న స్తంభం గురించి నా అభిప్రాయం మారలేదు గాని, పేర్ల జాబితా కోసం అడగడంలో మీతో కలుస్తాను. దేశం, హోదా, పక్షం ఏదీ చూడకుండా పేర్లు చెక్కిన చోటు యూరప్‌లో ఎక్కడైనా ఉందా?

లీల్‌వాసి

ఉంది. ఆరాస్ నగరానికి దగ్గరలో నోత్ర్ దామ్ ద లొరెత్ కొండ మీద 2014 నవంబరు 11న ప్రారంభించిన స్మృతి వలయం. ఫ్రాన్స్ ఉత్తర భాగంలో మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన 5,79,606 మంది పేర్లను అక్షర క్రమంలో రాశారు. హోదా లేదు, దేశం లేదు, మతం లేదు. జర్మన్ పేరు పక్కన బ్రిటిష్ పేరు, దాని కింద ఫ్రెంచి పేరు. సింగ్ అన్న పేర్లు మాత్రం ఒకచోట వరుసగా కనిపిస్తాయి. వలయంలో కొంత భాగం వాలు నేల మీద ఆధారం లేకుండా గాలిలో నిలిచి ఉంటుంది. శాంతి ఎప్పుడూ అంత సున్నితమైనదేనని చెప్పడం రూపశిల్పి ఫిలిప్ ప్రోస్త్ ఉద్దేశం. నవ్ షాపెల్ చూసిన రోజునే దీన్ని కూడా చూడవచ్చు.

గోదావరిగట్టు

అందరికీ కృతజ్ఞతలు. విశ్రాంత శాపర్ గారు చెప్పినట్టే పేరు వదిలేసి రెజిమెంట్ జాబితా మొత్తం చదివాను. సాంగ్రో నది దహన స్మారకం కింద ఒక నమోదు దొరికింది. పేరులో రెండు అక్షరాలు తేడాగా ఉన్నాయి. తండ్రి పేరు సరిపోయింది, జిల్లా తూర్పుగోదావరి అని ఉంది. ఊరి పేరు మాత్రం గుర్తుపట్టలేనంతగా మారిపోయింది, కానీ గట్టిగా పలికితే మా ఊరే. పోయిన తేదీ కూడా ఉంది. నాన్నగారు పంచాంగకర్త దగ్గరకు వెళ్ళి ఆ తేదీకి తిథి కట్టించుకుని వచ్చారు. ఫ్రాన్స్, బెల్జియం తరువాత చూస్తాము. ముందు ఇటలీకే టికెట్లు తీసుకుంటున్నాము. అక్కడ చిన్న పూజ చేసుకోనిస్తారా? పేరులోని తప్పును సరిదిద్దమని అడగవచ్చా?

విశ్రాంత శాపర్

చాలా సంతోషం బాబూ. పూలు, చిన్న దండ పెట్టడానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. దీపం, కర్పూరం వెలిగించదలిస్తే ముందుగా కమిషన్‌కు ఈమెయిల్ రాసి అనుమతి అడగండి. ఎండాకాలంలో అక్కడి గడ్డి త్వరగా అంటుకుంటుంది. రాతికి కుంకుమ, నూనె తగలనివ్వకండి, మరక పోదు. పేరు సవరణకు తప్పకుండా అడగవచ్చు. ఆయన సర్వీసు కాగితం గాని, ఊరి రికార్డు గాని ఆధారంగా చూపాలి. బెంగుళూరులోని మా దళ కేంద్రానికి కూడా తండ్రి పేరు, తేదీ రాసి ఒక ఉత్తరం పెట్టండి. శ్మశానం తోరినో ది సాంగ్రో అనే ఊరి పరిధిలో ఉంది. మృతుల రిజిస్టర్ పెట్టిన చిన్న పెట్టె కోసం ప్రవేశ ద్వారం దగ్గర చూడండి. దాని పక్కన సందర్శకుల పుస్తకం ఉంటే అందులో మీ నాన్నగారి చేత తెలుగులో రాయించండి.